పురుగులే అయితే బావుండు

స్పాంజి ముక్కలట. అగ్గిపెట్టెలో దూది పరిచి, అందులో పెట్టి, జేబులో వేసుకుంటే నలుగుతాయేమోనని గుప్పిట్లో పట్టుకుని వీధులన్నీ దాటి తెచ్చిన ఆ తెల్లటి గింజల్ని పశువుల డాక్టరమ్మ చిన్న పటకారుతో ఎత్తి, కిటికీ వెలుతురుకి పెట్టి చూసి, రెండు వేళ్ళ మధ్య నలిపింది. నలిపి వదిలితే అది మళ్ళీ ఉబ్బింది. నవ్వింది. "ఇవి పురుగులు కావండీ, స్పాంజి. ఇంట్లో పరుపులేమైనా కొరుకుతోందా?" అంది. సోఫాలకి గుడ్డ మార్చే పని నాది. మీసాలు రాకముందు నుంచీ స్పాంజి కోస్తున్నాను. ఆ పొడి నా కంచంలో ఉంటుంది, చెవుల్లో ఉంటుంది, తువ్వాలు దులిపితే రాలుతుంది. అలాంటివాణ్ణి, కుక్క పడుకునే గోనెపట్టా మీద నాలుగు తెల్ల నలుసులు కనబడితే బద్దెపురుగు ముక్కలనుకున్నాను. మెతుకుల్లా రాల్తాయని ఎవరో చెప్పగా విన్నాను కదా, మెతుకుల్లాగే ఉన్నాయి కదా, ఇంకేం కావాలి. పొద్దున్నే వాటిని చూసి నేలమీద గొంతుక్కూచుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను కూడా. పురుగులు! దొరికారా మీరు! లాటరీ తగిలినవాడు కూడా అలా నవ్వి ఉండడు. ఇప్పుడు ఆ లాటరీ కాస్తా పటకారు చివర ఉబ్బి కూచుంది. సరేలెండి, సీసాలో తెచ్చింది ఉందిగా, దాన్ని చూస్తాను, అందాకా బయట కూర్చోండి, ఓ గంట పడుతుంది అని డాక్టరమ్మ లోపలి గది తలుపు వేసేసుకుంది. సీసాలో ఉన్నది దీని మలం. అది మాత్రం స్పాంజి కాదు, అది నాకు ఖాయంగా తెలుసు, వెనకాలే నడిచి, వంగి, చెంచాతో ఎత్తాను. వయసొచ్చాక మనిషి దేనికి వంగాల్సి వస్తుందో ముందే తెలిస్తే చిన్నప్పుడు ఎవడూ ఛాతీ విరుచుకుని నడవడు.

ఈ బల్ల మీది రెగ్జిను చిరిగి ఉంది. కూర్చున్న ప్రతివాడూ భయంతో వేలు పెట్టి గోకినట్టున్నారు, లోపలి స్పాంజి పసుపుపచ్చగా పళ్ళు బయటపెట్టింది. నా వేలు కూడా అక్కడికే పోతోంది. చవకరకం స్పాంజి, కింద పట్టీలు కూడా సాగిపోయాయి, కూర్చుంటే చెక్క తగుల్తోంది. ఫినాయిలు వాసన, తడిసిన బొచ్చు వాసన, దానికింద ఇంకో వాసన, అది ఏ ఆసుపత్రిలో అయినా ఉంటుంది, మనుషులదైనా పశువులదైనా, దాన్ని ఎంత ఫినాయిలుతో కడిగినా పోదు. రబ్బరు బూట్లేసుకున్న కాంపౌండరు నేల తుడుస్తూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగి, "కాళ్ళెత్తండి" అన్నాడు, కుక్కని కూడా అన్నాడు, "నువ్వు కూడా ఎత్తమ్మా." ఇది ఎత్తలేదు. దొరసాని కదా. ఆ పేరు మా ఆవిడ పెట్టింది. వీధిలో పడున్న కుక్కపిల్లని చీరకొంగులో చుట్టుకొచ్చి, పాలు పోస్తే మూతి తిప్పుకుందని, 'ఓహో, దొరసానిగారికి వేడిచేసి పొయ్యాలేమో' అంది, అంతే, అదే పేరైంది. ఇంట్లో ఇంకో పేరు పెట్టడానికి మాకు పిల్లల్లేరు. ఇప్పుడు దొరసాని గడ్డం నా చెప్పు మీద ఆనించి వణుకుతోంది. పక్కటెముకలు కనబడుతున్నాయి. ఎముకల కింద పొట్ట మాత్రం ఉబ్బి వేలాడుతోంది. పెట్టిందల్లా తింటుంది, తిన్నదేదీ ఒంటికి పట్టదు. బొచ్చు పాత చీపురులా అయింది. ఇదంతా పురుగుల లక్షణమే కదా. డాక్టరమ్మా అదే అంది, పురుగులుంటే ఇలాగే ఉంటుంది అంది. ఉంటే.

అది చాలు అనుకుని ఊరుకుంటే పోయేది. నన్ను బయటికి పంపేముందు ఆవిడ దాని పొట్ట నొక్కి చూసింది. బల్లమీద నిలబెట్టి, రెండు చేతులూ కిందనుంచి పోనిచ్చి, మెల్లిగా, పక్కటెముకల దగ్గర్నుంచి వెనక్కి. వేళ్ళు పోతూ పోతూ ఒకచోట ఆగాయి. ముఖంలో ఏమీ లేదు, మాట్లాడుతూనే ఉంది, ఏం తింటుంది, మట్టి నాకుతుందా, పిరుదులు నేలకి ఈడుస్తోందా అని అడుగుతూనే ఉంది, కానీ వేళ్ళు ఆగాయి. నేను ముఖాలు చూడను, చేతులు చూస్తాను. నా బతుకంతా చేతులతోనే. సోఫా తెచ్చినవాడు ఏం చెప్పినా చెవిన పెట్టను, అరచెయ్యి పరిచి సీటు పొడుగునా పోనిస్తాను, ఎక్కడ స్ప్రింగు తెగిందో అక్కడ చెయ్యి తనంతట తనే ఆగుతుంది. అలా ఆగాయి ఆవిడ వేళ్ళు. "ఇక్కడ గట్టిగా ఏదో తగుల్తోంది. పురుగులు ఉండకట్టినా ఇలాగే తగుల్తుంది. లేకపోతే ఇంకేమైనా కావచ్చు. ముందు పురుగులో కాదో తేల్చుకుందాం." ఇంకేమైనా. ఆ మాట నాకు కొత్తది కాదు. పెద్దాసుపత్రిలో కళ్ళజోడు డాక్టరు మా ఆవిడ పొట్ట నొక్కినప్పుడు కూడా వేళ్ళు ఇలాగే ఒకచోట ఆగాయి. ఆయనా మాట్లాడుతూనే ఉన్నాడు, ఏ ఊరు, ఏం పని, పిల్లలెందరు. తను పైకి చూస్తూ సమాధానాలు చెబుతోంది. నేను ఆ వేళ్ళని చూశాను. ఆ తర్వాత ఆయన చెప్పిందంతా నాకు మళ్ళీ చెప్పినట్టే అనిపించింది.

అంతకుముందు చాన్నాళ్ళు అవి నులిపురుగులే. మందులషాపువాడు చెప్పాడు, తను నమ్మింది, నాకు చెప్పింది. కడుపులో నొప్పి అంటే, "నులిపురుగులేలే అక్కా, ఈ మాత్ర వేసుకో, పొద్దుటికి శుభ్రం" అన్నాడట వాడు. తను వేసుకుంది. పొద్దున్నే దొడ్లోంచి వచ్చి, 'పోయినట్టున్నాయి, హాయిగా ఉంది' అంది. తర్వాత మళ్ళీ నొప్పి, మళ్ళీ మాత్ర, మళ్ళీ హాయి. జాకెట్లు వదులైతే కుట్లు వేసుకుంటూ, 'చూశావా, నీ సోఫాలకే కాదు, నాకూ సైజు తగ్గించొచ్చు' అని నవ్వింది. ఆ నవ్వు అబద్ధమని ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు తెలిసి ఎవడికి. ఒక్కోసారి గోడకేసి తిరిగి పడుకుని మోకాళ్ళు పొట్టలోకి లాక్కునేది. ఏమే, నొప్పా అంటే, 'పురుగులు పోట్లాడుకుంటున్నాయి, నువ్వు నిద్రపో, వాటి మధ్యకి వెళ్ళకు' అనేది. పదిమందినీ నవ్వించే మనిషి, చావుని కూడా నవ్వించి పంపెయ్యొచ్చనుకుందో ఏమో. నా ఒంట్లో ఏదో అయింది, నాకు భయంగా ఉంది అని ఒక్కసారి, ఒక్క ముక్క నాతో అనలేదు. నాతో అనకపోతే ఎవరితో అంటుంది? ఈ కుక్కతో అనేదేమో. దాని చెవిలో ఏదో చెబుతూ ఉండేది. నేను వాకిట్లోంచి వస్తే ఆపేసేది. ఇది నా వంక చూసేది, దీనికి అంతా తెలిసినట్టు, నాకేమీ తెలియనట్టు.

పైగా నింద దీనిమీదే పడింది. మందులషాపువాడే అడిగాడట, 'ఇంట్లో కుక్కుందా? అయితే అక్కడి నుంచే.' అంతే, దొరసాని మంచం కింద చోటు పోయింది. లోపలిగది గడప దాటనివ్వలేదు. ఏ చేత్తో అన్నం కలిపి పెట్టిందో ఆ చేత్తోనే చీపురు తీసి అదిలించింది, అదిలించి లోపలికొచ్చి ముక్కు చీదుకుంది. మొదట్లో ఇది గడపమీద మూతి పెట్టి కుయ్యిమనేది. 'పాపిష్టిదానా, నీ పురుగులన్నీ నాకిచ్చి నువ్వు నిక్షేపంలా ఉన్నావు కదే' అని లోపల్నుంచి తిట్టేది, తిడుతుంటే ఇది తోక ఊపేది, గొంతు వినబడుతోంది కదా, చాలు దానికి. నేను పని చేసే ముందుగదిలో, బల్లకింద, స్పాంజి తరుగులో చోటు చూసుకుంది. పురుగులే లేవు. ఎవరికీ లేవు. తనకీ లేవు, అప్పుడు దీనికీ లేవేమో. లేని పురుగుల కోసం ఇద్దరూ గోడకి ఆ పక్కొకరు ఈ పక్కొకరు పడుకున్నారు, మధ్యలో నేను సుత్తి పట్టుకుని మేకులు కొడుతూ ఉన్నాను. తను పోయింతర్వాత తలుపులు బార్లా తెరిచిపెట్టి, రావే, ఇక రా, ఎవరూ ఏమీ అనరు అన్నాను. రాలేదు. గడపదాకా వచ్చి ఆగి, లోపలికి చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. నామాట వినదు. వద్దన్న గొంతే రమ్మనాలి దీనికి.

"ఏమైందండీ మీ కుక్కకి?" ఎదుటి బల్లమీద ఒకావిడ. ఒళ్ళో కూరగాయల బుట్ట, దానిమీద ఇంకో బుట్ట బోర్లించి తాడుతో కట్టింది. బుట్ట సందుల్లోంచి ఒక పిల్లి పంజా బయటికొచ్చి గాలిని గీరుతోంది.

"పురుగులు," అన్నాను. నోటినుంచి వచ్చేసింది. తేలకుండానే చెప్పేశాను.

"అయ్యో, అంతేనా. నేనింకా ఏదో అనుకున్నాను. పురుగులైతే మాత్ర వేస్తే సరి. మా అల్లుడికి నిన్నట్నుంచి ఒంటేలు బిగుసుకుపోయింది."

నేను చుట్టూ చూశాను, అల్లుడెక్కడా అని. ఆవిడ బుట్ట తట్టింది. "వీడేనండీ. పేరు అల్లుడు. వస్తాడు, తింటాడు, పడుకుంటాడు, పిలిస్తే పలకడు. ఇంకేం పేరు పెట్టను?"

కాంపౌండరు చీపురుమీద ఆనుకుని పగలబడి నవ్వాడు. "మరి కూతురెక్కడమ్మా?"

"కూతురైతే నా దగ్గరుంటుందా బాబూ. అల్లుడు దొరకడమే ఎక్కువ." ఆవిడ నవ్వి, నావైపు తిరిగి, "మీరు బాగా భయపడుతున్నట్టున్నారే. ఏం కాదు లెండి, పురుగులే" అంది.

పురుగులే. అదే మాట. మందులషాపులో, పక్కింట్లో, మా ఇంట్లో, అందరూ అదే గొంతుతో, అదే తేలికతో. లే అని చివర్న ఒక తోక తగిలించి, ఎదుటివాడి భయాన్ని ఈగని తోలినట్టు తోలేస్తారు. ఆవిడమీద కోపం వచ్చింది నాకు. వెంటనే ఆవిడ కాళ్ళమీద పడి ఆ మాట ఇంకోసారి అనమని అడగాలనీ అనిపించింది. పురుగులే అయితే బావుండు. ఏలికపాములు కానీ, బద్దెపురుగులు కానీ, కొంకిపురుగులు కానీ, పేరు ఏదైనా పరవాలేదు, కుప్పలుకుప్పలుగా ఉండనీ, ఉండకట్టి ఉండనీ, పేగు నిండా ఉండనీ. లోకంలో ఎవడైనా ఇలాంటి కోరిక కోరాడా? దేవుడనేవాడు ఉంటే వాడికి వినబడే మొక్కుల్లో ఇది ఎక్కడ పెట్టుకుంటాడో. బడి మానేసేనాటికి నాకు వచ్చిన చదువు గోడమీది అక్షరాలు కూడబలుక్కునేంత. ఈ గోడమీద కూడా ఒక బొమ్మ ఉంది, కూడబలుక్కుంటున్నాను. కుక్క బొమ్మ, లోపల పేగులు ఎర్రగా, పేగుల్లోంచి ఒక బాణం బయటికి, మట్టిలో గుడ్లు, మట్టిలోంచి ఇంకో బాణం కుక్క నోట్లోకి. లోపలికి పోయిన పిల్లపురుగు పేగు గోడ తొలుచుకుని, ఊపిరితిత్తుల్లోకి పాకి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మళ్ళీ మింగబడి మళ్ళీ పేగులోకే చేరుతుందట. బాణాలన్నీ గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వచ్చాయి. ఎంత వెతికినా బయటికి పోయే బాణం లేదు. వెళ్ళిపోయింది అనుకున్నది మట్టిలో కూచుని ఎదురుచూస్తుందన్నమాట, వంగి మూతి పెట్టేదాకా. చూస్తూ చూస్తూ ఉంటే ఆ కుక్క బొమ్మ కదిలినట్టయింది, కళ్ళు మూసుకున్నాను.

మూసుకుంటే ఆ కుట్టు కనబడుతుంది. అందుకే మూసుకోను. తెరిచారు, చూశారు, మళ్ళీ కుట్టేశారు. అంతే. కళ్ళజోడు డాక్టరు బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, 'తెరిచాం, చెయ్యడానికేమీ లేదు, మూసేశాం' అన్నాడు. మా పనిలో సోఫా తెరిచి ఏమీ చెయ్యకుండా మళ్ళీ కుట్టేసి ఇస్తే ఆ కస్టమరు నా సుత్తితోనే నా నెత్తిమీద ఒకటిస్తాడు. తెరిచినవాడికి బాధ్యత ఉంటుంది. కుళ్ళిన పట్టీ ఉంటే మార్చాలి, తెగిన స్ప్రింగు ఉంటే కట్టాలి, లోపలేముందో చూసి ఊరికే మూతి కట్టేస్తారా ఎవరైనా? ఇంటికొచ్చాక తనకి కట్టు మార్చేటప్పుడు ఆ కుట్టు చూశాను. మంచి కుట్టు. ఎడం సమానంగా ఉంది, బిగువు సమానంగా ఉంది, ముడి లోపలికి దాచాడు. నేనైనా అంతకంటే బాగా కుట్టలేను. అదే భరించలేకపోయాను. లోపల చెయ్యడానికేమీ లేనివాడికి పైన అంత శ్రద్ధ దేనికి? తను అడిగింది, 'ఎలా వేశాడు?' అని. బావుంది అన్నాను. 'నీకంటేనా?' అంది. ఊఁ అన్నాను. 'అయితే అతన్ని చేసుకోవాల్సింది' అంది, నవ్వబోయి కుట్టు లాగి ఆగిపోయింది. సోఫాలు విప్పితే లోపల ఏవేవో దొరుకుతాయి, దువ్వెనలు, గుండీలు, పెన్ను మూతలు, ఒకసారి ఎవరిదో పాలపన్ను. ఎవరూ వెనక్కి అడగరు. మా ఆవిడ లోపల ఏముందో చూసినవాళ్ళు చూశారు. నాకు మాత్రం ఎవరూ చూపించలేదు. ఒక పేరు చెప్పారు, నోరు తిరగని పేరు, దాన్ని నమ్మమన్నారు. అంతకుముందు నులిపురుగులన్న పేరు నమ్మినట్టే.

దొరసాని లేచి నిలబడింది. చెవులు నిక్కించి తలుపుకేసి చూస్తోంది. తలుపు దగ్గర ఎవరూ లేరు, ఎండ పడి నేల తళతళలాడుతోంది, అంతే. ఇంట్లో కూడా ఇలాగే చేస్తుంది. మధ్యాహ్నం నేను గుడ్డ కత్తిరిస్తుంటే బల్లకింద పడుకున్నదల్లా తల ఎత్తి వంటగది గుమ్మం వైపు చూసి తోకతో నేలమీద మెల్లిగా కొడుతుంది. టప్, టప్. నేను కత్తెర ఆపుతాను. ఏమీ ఉండదు. అటు చూడకూడదని ఒట్టు పెట్టుకుని మళ్ళీ చూస్తాను. మొన్న మా ఆవిడ అక్క వచ్చింది, చెల్లెలి చీరలు తీసుకెళ్ళడానికి. బల్లకిందికి వంగి దీన్ని చూసి నోటిమీద చెయ్యేసుకుంది. "ఏమయ్యా మరిదీ, ఇదేంటిలా అయిపోయింది? పోయేముందు చెల్లి ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ఆ పొట్టా, ఆ ఎముకలూ. చూసుకోవడం లేదా నువ్వు?" తింటోంది వదినా, పెడుతూనే ఉన్నాను అన్నాను. అప్పుడే ఇది వంటగది వైపు చూసి తోక కొట్టింది. వదిన గొంతు తగ్గించింది. "దీన్ని పిలుచుకుంటోందయ్యా అది. ఒక్కతీ ఉండలేదు అది, చిన్నప్పట్నుంచీ అంతే, స్నానానికి కూడా ఎవరో ఒకరు తలుపవతల నిలబడి కబుర్లు చెప్పాలి." నాకు ఒళ్ళు మండిపోయింది. "పిలవాలంటే ముందు నన్ను పిలవాలిగా వదినా?" అన్నాను. ఆవిడ చీరలు మడతపెట్టడం ఆపి నన్ను ఒకలా చూసింది. ఏడ్చేదేమో, నేను సుత్తి అందుకుని చప్పుడు చేశాను కాబట్టి ఊరుకుంది.

కానీ ఆ మాట పోలేదు. నిజంగా నిన్నే అడుగుతున్నాను, పిలిస్తే దీన్ని ఎందుకు పిలవాలి? నీ పక్కన పడుకున్నవాణ్ణి నేను కదా. చీపురుతో అదిలించి పంపినదాన్ని వెనక్కి పిలుచుకుంటున్నావు, నన్నేమో మేకులు కొట్టుకోమని వదిలేశావు. నిన్న మధ్యాహ్నం బల్లకింద దూరి దీని పక్కన పడుకుని పొట్టకి చెవి ఆనించాను. లోపల గుర్రుగుర్రుమని, నీళ్ళు గొట్టంలో తిరిగినట్టు, తర్వాత సన్నగా ఒక మూలుగులాంటిది. నీ వీపుకి చెవి ఆనించి పడుకున్నప్పుడు విన్నది అదే. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, అదే నాకు జోలపాట అయిపోయింది కొన్నాళ్ళు, పురుగులు పోట్లాడుకుంటున్నాయి అని నువ్వు చెప్పాక భయం పోయి నిద్రపట్టేది. అదే చప్పుడు. అటునుంచి ఇటు మారింది. గోడమీద బొమ్మలో బాణాల్లాగ. ఇది కూడా పోతే నీ గొంతు ఎలా ఉండేదో తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో నేనొక్కణ్ణే మిగులుతాను, నేను చెబితే ఎవడు నమ్ముతాడు, నాకే నమ్మకం చాలదు. దీనికైతే తెలుసు. నువ్వు చెవిలో చెప్పిందేదో దీని దగ్గరే ఉంది. అందుకే ఇది బతకాలి. నా మీద ప్రేమ లేకపోనీ, గడప దాటకపోనీ, బతకాలి. పురుగులే కావాలి. ఈసారైనా ఆ మాట నిజం కావాలి.

లోపలి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ, "రండి" అంది. నేను లేచాను. దొరసానిని ఎత్తుకున్నాను. మునుపు మొయ్యలేకపోయేవాణ్ణి, ఇప్పుడు పీచు తీసేసిన దిండులా ఉంది.

"భయపడాల్సిందేమీ లేదండీ. పురుగులే. ఏలికపాములు, బోలెడన్ని. చేతికి తగిలింది కూడా వాటి ఉండే అయుండాలి. ఇవాళ మాత్ర వేద్దాం, రెండువారాలకి ఇంకోటి. తర్వాత పొట్ట మళ్ళీ చూస్తాను. మీరూ చేతులు బాగా కడుక్కోవాలి. నిశ్చింతగా ఉండండి."

నేను నిలబడే ఉన్నాను. సంతోషం వస్తుందని ఎదురుచూశాను. పొద్దున అగ్గిపెట్టెతో వచ్చింది కదా, అది రాలేదు. పురుగులే, భయం లేదు, మాత్ర వేద్దాం. ఒక్కో మాటా విన్నదే, అదే వరసలో. ఆవిడ ముఖం మంచిది. మందులషాపువాడి ముఖం కూడా మంచిదే.

"చూపించండి," అన్నాను.

"ఏంటండీ?"

"పురుగులన్నారు కదా. నేను చూడాలి."

"పురుగులు కనబడవు, గుడ్లే కనబడతాయి. నేను చూశాను కదా."

"మీరు చూశారమ్మా. చూసినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. నాకు ఎవరూ చూపించలేదు." గొంతు పెరిగినట్టుంది, బయట అల్లుడి అత్తగారు మాట ఆపేసింది. కాంపౌండరు తలుపులోంచి తొంగిచూశాడు. డాక్టరమ్మ నన్ను చూసింది, నా చేతుల్లో దీన్ని చూసింది, ఏమనుకుందో, తొడుగులు పక్కనపెట్టి, "సరే, ఇటు రండి" అని దొరసానిని అందుకుంది.

కిటికీ పక్కన బల్లమీద ఆ యంత్రం, కింద చిన్న దీపం. వంగి ఒక కన్ను పెట్టాను. మొదట నా రెప్పవెంట్రుకలే కనబడ్డాయి, నల్లగా, గడ్డిలా. "కన్ను మరీ ఆనించకండి," అని ఆవిడ పక్కనుంచి చక్రం తిప్పింది. పసుపచ్చని మసక, మసకలో చెత్త, పుల్లలు, చెదురుమదురు చుక్కలు. ఇంకొంచెం తిప్పింది. వచ్చింది. గుండ్రంగా ఉంది. ముదురు గోధుమరంగు, చుట్టూ మందపాటి గోడ, గోడంతా గుంటలు గుంటలుగా, మంచి తోలుమీద దబ్బనంతో దగ్గరదగ్గరగా పొడిచినట్టు. పక్కన ఇంకోటి. ఆ మూల ఇంకో రెండు. ఎవరో కావాలని చేసినంత పొందికగా ఉన్నాయి. ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఒకటి నీటిలో తేలుతూ కొంచెం పక్కకి జరిగింది.

"ఇది దీనిదేనా? ఇంకెవరిదీ కాదుగా?"

"మీరు తెచ్చిన సీసాలోదేనండీ. ఇందాక నుంచీ అదొక్కటే చూస్తున్నాను."

ఉన్నాయి. చెప్పినవి ఉన్నాయి. ఆ రోజు తనది కూడా ఇలా ఒక గాజుపలక మీద వేసి ఎవరైనా వంగి చూసుంటే, ఈ పసుపచ్చని మసక ఉండేది, ఈ పుల్లలూ ఈ చుక్కలూ ఉండేవి, ఇవి ఉండేవి కాదు. ఎంత తిప్పినా, ఏ మూల వెతికినా ఉండేవి కాదు. ఖాళీ. ఆ ఖాళీని ఎవరైనా తనకి చూపించి ఉంటే, మాత్ర చేత్తో పట్టుకుని నవ్వేదా? చెంప తడిగా తగిలింది, యంత్రానికి అంటుకుంటుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వెనక డాక్టరమ్మ చేతుల్లో దొరసాని గోళ్ళతో ఆవిడ కోటు గీరుతున్న చప్పుడు. మెడమీద వెచ్చగా ఊపిరి తగిలింది, దానిదే అయుంటుంది, దాని ఊపిరే అయుంటుంది.

తల కొంచెం పక్కకి జరిపాను, తను కూడా వంగి చూడ్డానికి వీలుగా.

నేను చూడటం అయిపోయిందనుకుని డాక్టరమ్మ దీపం ఆపేసింది.